గోడ వెనక బావి

తిరుపతి బస్టాండు వెనక సందులో, మూడంతస్తుల మేడ కింద సెల్లారులో ఖాజా మొహిద్దీన్ పరుపుల అంగడి. పొద్దున్నే షట్టరు ఎత్తి, మిషను మీద దూది ఏకి, మధ్యాహ్నానికల్లా ఏదో ఒక లాడ్జికి దిండ్లు పంపడం ఆయన పని. పరుపులు కుట్టడం, ఆయన్ని తొందరపెట్టడం భార్య జహీరున్నీసా పని. ఆ రెండోది లేకపోతే కొండకొచ్చిన భక్తుల్లో సగంమంది ఒట్టి నేల మీదే పడుకోవలసి వచ్చేది.

ఆ వేసవిలో సెల్లారు వెనకగోడ చెమర్చింది. మొదట అరచేయంత మచ్చ. జహీరున్నీసా దాని ముందుకు ఒక బీరువా జరిపి, కనబడకపోతే లేనట్టే అనుకుంది. వారం తిరిగేసరికి బీరువా కాళ్ళు తుప్పు పట్టాయి, గోడ పొడుగునా నీళ్ళు సన్నగా జారుతున్నాయి. ఇంకే సరుకైనా ఓర్చుకునేదేమో గాని దూది ఓర్చుకోదు. గాలిలో తడిని కూడా పీల్చుకుని ముద్దకట్టి, ముక్కిన వాసన కొడుతుంది. ఒక లాడ్జివాళ్ళు దిండ్లన్నీ ఆటోలో వేసి వెనక్కి పంపేశారు.

మేడ యజమాని బాలచంద్ర దిగివచ్చి గోడను చూశాడు. మంచివాడే, కానీ మహా పిరికి.

"ఖాజా భాయ్, పునాది నానిందంటే మేడంతా కూలిపోతాది. నెలాఖరుకు గోడ ఆరితే సరి. లేదంటే తాళాలు ఇచ్చేయండి, మట్టి పోసి సెల్లారు పూడ్పించేస్తా."

ఖాజా ఆ పూట కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే లేచిపోయాడు. పెళ్ళయింది మొదలు ఆ సెల్లారే వాళ్ళ బతుకు. వేరేచోట అంగడి పెట్టే వయసూ కాదు, స్తోమతూ కాదు.

మేస్త్రీ మునస్వామిని పిలిపించారు. ఆయన గోడ పెచ్చులు ఊడగొట్టి, సుత్తితో తట్టి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"బావి, జహీరక్కా. యాడిదో తెల్దు గానీ, మొన్నమొన్ననే వచ్చినట్టుండాది."

"అయ్యో, ఈ ఎండల్లో అది మాత్రం యాడికి పోతాదిలే పాపం," అంది జహీరున్నీసా.

చుట్టూ బోర్లు పడితే బావులు లేచిపోవడం ఆ జిల్లాలో అందరూ ఎరిగిందే. కిందటేడు ఒకటి కాణిపాకం దారిలో టీకొట్టు కింద తలదాచుకుని, వానలు పడగానే వెళ్ళిపోయింది. వానలదాకా ఆగడానికి వీళ్ళకు గడువు లేదు.

"మోటారు పెట్టి తోడేస్తే అదే పోతాది," అన్నాడు ఖాజా. అది తెలివైన మాటేనని ముగ్గురికీ అనిపించింది. ఎక్కడినుంచో మోటారు తెచ్చి పగలంతా ఆడించారు. తెల్లారి షట్టరు ఎత్తితే పక్కగోడ కూడా కారుతోంది.

మునస్వామి తల కొట్టుకున్నాడు. "మోటార్లకు బయపడి పారొచ్చినదాని పక్కనే మోటారు పెడితిమే! ఇంకా గట్టిగా కరుసుకునింది సూడండి."

ఖాజా కూలబడిపోయాడు. జహీరున్నీసా మాత్రం చిటికెడు దూది తీసి గోడకు అద్ది, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. మామిడి సొన. పెళ్ళికి ముందు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసిన మనిషి ఆమె. ఏ చెట్టు సొనో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"తోతాపురి కాదిది, కాలేపాడు. ఫ్యాక్టరీలు వచ్చినాక అందరూ తోతాపురే పెట్టినారు. కాలేపాడు తోట ఇంకా ఉండేది బంగారుపాళ్యం మునిరత్నమ్మక్కకే."

మాట పూర్తికాకముందే కొంగు దోపుకుని బస్టాండుకు నడిచింది.

బంగారుపాళ్యంలో మునిరత్నమ్మ తోట ఆకు వాలేసి ఉంది. బావి ఉన్నచోట గుండ్రటి గుంత, అడుగున పగుళ్ళిచ్చిన బురద. దాని చుట్టూ వేసిన బోర్లు గాలి తప్ప ఏమీ కక్కడం లేదు. చెట్లు కొట్టించేయడానికి కట్టెల వ్యాపారితో మాట కూడా అయిపోయింది. విషయం వినగానే మునిరత్నమ్మకు ఒళ్ళు మండింది.

"తిరపతిలో ఉండాదా? నేనీడ సెట్లు ఎండబెట్టుకోని ఏడుస్తా ఉంటే, అదాడ మేడ కింద నీడన కూసోనుండాదా? పద, దాని సంగతేందో కనుక్కుందాం!"

సాయంత్రానికి సెల్లారులో దిగి, గోడకు ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీకేం తక్కువ సేసినానే? ఏటేటా పూడిక తీపించలేదా? గంగపూజ సేయలేదా? సెప్పకుండా వస్తావా?"

గోడ మీద ధార ఎక్కువైంది.

"తిట్టొద్దక్కా," అంది జహీరున్నీసా మెల్లగా. "బయపడి వచ్చింది."

ఆ మాటతో మునిరత్నమ్మ ఉక్రోషం చల్లారింది. గోడ పక్కనే చతికిలబడి, తడిగోడ మీద చెయ్యి వేసింది.

"పక్కతోటోళ్ళు బోర్లు ఏస్తే నేనూ ఏసినా తల్లీ. నువ్వు లేకుండా నేను మాత్రం బాగుపడినానా? బోర్లకు మూతలు బిగించేస్తా. సేత్తోనే తోడుకుంటా. ఇంటికి పోదాం రా."

జారుతున్న నీళ్ళు నిలిచాయి. తర్వాత మునస్వామి పెచ్చులు ఊడగొట్టిన ఒక్కచోటే ధార కట్టి పడసాగింది. జహీరున్నీసా గబగబా బిందె పెట్టింది. అది నిండగానే ధార ఆగింది. పరుపుగుడ్డ ముక్కతో మూతి కట్టి, బిందెను మునిరత్నమ్మ చంకకెత్తింది.

బస్సులో కండక్టరు ఏమిటని అడిగితే, "మా బావి," అందట మునిరత్నమ్మ. "కాళ్ళ కాడ పెట్టుకోమ్మా, ఎక్కి దిగేవాళ్ళకు అడ్డం," అన్నాడట ఆయన.

గోడ పైనుంచి కిందికి ఆరుతూ వచ్చింది. కొన్నాళ్ళకు మునిరత్నమ్మ ఫోన్ చేసింది. "వచ్చేసిందమ్మే! నడుంలోతు ఉండాది. కట్టెలోణ్ణి రావద్దని సెప్పేసినా," అని ఒకటే నవ్వు. ఇవతల జహీరున్నీసా ఊ కొడుతూ ఉండిపోయింది. ఊరట ఆమెను అంత మెత్తబరుస్తుందని ఆమెకే తెలియదు.

నెలాఖరున బాలచంద్ర దిగి వచ్చాడు. ఖాజా తాళాలగుత్తి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు, అడిగితే ఇచ్చేద్దామని. బాలచంద్ర గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమి, అరచేయి తిప్పి చూసుకున్నాడు. సున్నం పొడి తప్ప ఏమీ లేదు.

"మా అమ్మకు నడుంనొప్పి ఖాజా భాయ్. మంచి దూదితో ఒక పరుపు కుట్టివ్వు," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఖాజా దూదిమూటల మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. జహీరున్నీసా కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, ఆయన భుజం పట్టి లేపింది.

"సాల్లే, అవతలికి పోయి ఏడువు. దూది తడుస్తాది."