బొజ్జయ్య కొట్టం

గుర్రానికి పరుగుతో అంత గండం లేదు, పరుగు ఆగాకే గండం. ఎనభై కిలోమీటర్లు అడవిదారిన వచ్చిన గుర్రం సాయంత్రం గడ్డి కొరికి, తోక ఆడించి, అందరిచేతా భేష్ అనిపించుకుంటుంది. చీకటి పడ్డాక కడుపునొప్పితో కూలబడుతుంది. నిరుడు ఇంకెక్కడో జరిగిన పందెంలో రెండు గుర్రాలు అట్లాగే పోయాయి. డాక్టర్లేమో పొద్దుగూకగానే భోజనాలకు వెళ్లారట!

అందుకే 2007 చలికాలంలో హైదరాబాదు స్వారీ క్లబ్బువాళ్లు ములకలపల్లి అడవుల్లో దూరపు పందెం తలపెట్టినప్పుడు, రాత్రి వైద్యం భారమంతా పశువుల డాక్టరు కళ్యాణి నెత్తిన పెట్టారు. కళ్యాణి తండాలో పుట్టిన మనిషి, పట్టిన పట్టు విడిచే రకం కాదు. తన చేతిమీద ఒక్క గుర్రం కూడా చావకూడదనుకుంది. సెలైన్లు, ఇంజెక్షన్లు, జనరేటరు, గుర్రాన్ని మోసే లారీ, అన్నీ కుదిర్చింది. రాత్రి గుర్రాలను ఉంచే చోటు కూడా దసరాకు ముందే కుదిరింది. మద్దిగుంపు అనే కోయపల్లెలో పెద్దమనిషి బొజ్జయ్యకు ఊరి అంచున పశువుల కొట్టం ఉంది. మెరక నేల, పక్కనే బోరింగు, లారీ వచ్చే దారి. "అవ్, పెట్టుకోండ్రి. మా ఎడ్లను చేన్ల కట్టేస్త" అన్నాడాయన నిండు మనసుతో.

తీరా పందెం దగ్గరపడ్డాక, కాంపౌండరు లాల్‌సింగ్‌ను బండి వెనక ఎక్కించుకుని కొట్టం చూడబోతే, బొజ్జయ్య పొలిమేరలోనే అడ్డం నిలబడ్డాడు. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి ఉంది.

"ఈడ వద్దు బిడ్డా. వేరే జాగ చూసుకోండ్రి."

"అదేంది పెద్దయ్యా? మాటిచ్చినవ్ గద!"

"ఇచ్చిన. ఇప్పుడు వద్దంటున్న. గుర్రాలు ఈ తాడు దాటొద్దు."

"ఎందుకో చెప్పు మరి."

"అది అడగకు." అని ఆయన నేల చూపులు చూశాడు.

కళ్యాణికి ఒళ్లు మండింది. నిన్నటిదాకా లేని అడ్డం ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన భుజం మీదుగా లోపలికి చూసింది. కొట్టం వెనక కొత్తగా తవ్వి పూడ్చిన గొయ్యి, దానిమీద ముళ్లకంప. బొజ్జయ్య భార్య జంపక్క బిందెడు గంజి ఎత్తుకుని కొట్టం వైపు వెళుతూ, వీళ్లను చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది. కొట్టం తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇద్దరు ముసలివాళ్ల ఇంట్లో బిందెడు గంజి ఎవరికి?

తిరుగుదారిలో లాల్‌సింగ్ చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. "మేడమ్, కొట్టంల మనుషులున్నరు. ఆ గొయ్యి ఏందనుకున్నరు? డంపే!"

ఆ రోజుల్లో అడవి అంచున కొత్త గొయ్యి కనబడితే ఎవరికైనా తోచేది అదే, అన్నలు తుపాకులు పూడ్చిన డంపని. అనుమానం ఇంటికొచ్చిన చుట్టం కాదు, పెట్టింది తిని పోవడానికి. కళ్యాణి ఎంత తోసినా అది కదల్లేదు. గంజి, తలుపు, గొయ్యి, ఆ నేలచూపులు. ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి.

పందెం బందోబస్తు చూస్తున్న ఎస్సై రోడ్డుమీద ఎదురై, "ఏర్పాట్లు ఎంతవరకొచ్చినయ్ మేడమ్?" అని అడిగాడు. చెబితే ముసలాయన వీపు చిట్లుతుంది. చెప్పకపోతే, అంతమంది స్వారీ చేసేవాళ్లు, అన్ని గుర్రాలు, ఏమన్నా అయితే?

"బొజ్జయ్య చోటియ్యనంటున్నడు. కొట్టం వెనక కొత్త గొయ్యి ఉంది" అంది. అంతే అంది. అది చాలదూ!

మర్నాడు పొద్దున్నే, మనసు ఊరుకోక మళ్లీ మద్దిగుంపుకు వెళ్లింది. అప్పటికే పోలీసు జీపు తాడును తెంచుకుని లోపలికి పోయింది. బొజ్జయ్యను ఆయన తువ్వాలతోనే చేతులు కట్టి నేలమీద కూర్చోబెట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లు గొయ్యి తవ్వుతున్నారు.

"బిడ్డా, నువ్వన్న చెప్పు! తవ్వొద్దను!" అని ముసలాయన అరిచాడు.

కళ్యాణి గొయ్యి దగ్గరికి పరుగెత్తింది. సున్నం చల్లిన మట్టిలోంచి ఎద్దు తల బయటపడింది. ఉబ్బిన మెడ, ముక్కుల నుంచి కారి గడ్డకట్టని నల్లటి నెత్తురు. దొమ్మరోగం! పశువును నిలుచున్న చోట పడగొట్టి, గొయ్యి తవ్వితే మట్టిలోంచి మళ్లీ లేచి, గుర్రాన్నీ మనిషినీ కూడా పట్టుకునే రోగం.

"పూడ్చండి! చేత్తో ముట్టుకోకండి! పూడ్చండంటుంటే!"

ఆమె గొంతు విని ఎస్సై కూడా వెనక్కి జరిగాడు. గొయ్యి పూడ్పించి, సున్నం పోయించి, కానిస్టేబుళ్లతో చేతులు కడిగించి, భద్రాచలం దవాఖానాకు పంపేదాకా ఆమె నోరు ఆగలేదు. ఎస్సై వాళ్లతోపాటే జీపెక్కాడు. జీపు పోయింది. కళ్యాణి వంగి ముసలాయన చేతుల కట్టు విప్పింది.

"ఎందుకు చెప్పలేదు పెద్దయ్యా?"

"మా గుంపుల దాని పేరెత్తం. పేరెత్తితే ఇంకో కొట్టానికి పోతది. తాడు గడితే కండ్లున్నోళ్లకు తెలుస్తదనుకున్నం. నీ గుర్రాలు సావొద్దనే గద వద్దన్న!"

సిగ్గుతో కళ్యాణికి చచ్చినంత పనైంది. పశువు జబ్బుపడితే వేపమండల తాడుతో పొలిమేర కట్టడం ఆమె చిన్నప్పుడు తండాలోనూ చూసిందే. నీరసించిన గేదెకు వాళ్లమ్మ పట్టించేదీ గంజే. పశువుల డాక్టరై ఉండి బిందెడు గంజి చూసి పశువును తలుచుకోలేదు. తుపాకి పట్టిన మనిషిని తలుచుకుంది.

కొట్టంలో ఒక ఆవు మూలిగింది.

కళ్యాణి లేచి పొలిమేర బయటికి నడిచింది. లాల్‌సింగ్‌ను మందుల లారీతో రప్పించి, పందెం ఆపేయమని క్లబ్బుకూ, దొమ్మ టీకాలు పంపమని పై ఆఫీసుకూ ఫోను చేయమని చెప్పింది. గుర్రాల కోసం దాచిన మందులు, సెలైన్లు, లైట్లు అన్నీ లారీలోంచి పొలిమేర దగ్గర దింపించింది. అప్పటికి జంపక్క తెగిన తాడును ముడివేసి మళ్లీ దారికి అడ్డంగా కట్టింది.

"ఆవును చూస్త. మిగిలినవాటికి టీకాలేస్త. తాడు దాటొచ్చా పెద్దయ్యా?"

"వచ్చినోళ్లు తాడు విప్పేదాక బయటికి పోవద్దు. అది మా కట్టు."

"ఎరుకే. ఉంట."

బొజ్జయ్య కమిలిన మణికట్టు రుద్దుకుంటూ ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. నిన్న ఆయన భుజం మీదుగా ఆమె చూసిన అనుమానపు చూపే అది. తర్వాత వేపతాడు పైకెత్తి పట్టుకున్నాడు.

"రా. లోపలుంటే ఈసారి ఎవ్వలకూ చెప్పలేవు."

కళ్యాణి తల వంచి తాడు కిందుగా లోపలికి వెళ్లింది.