ఎనెలెసి సాక్ష్యం

ఎనెలెసి పొద్దుటి నుంచి గంజి ముట్టలేదు. కట్టు కింద కన్ను సలుపుతుంటే మిషన్ ఆస్పత్రి వరండాలో తల గోడకానించి, పళ్ళు బిగించి కూర్చుంది. ఆ కంట్లో శుక్లం తీసింది నిన్ననే. సముద్రాలు దాటి వచ్చిన డాక్టర్ల బృందం ఈ వారం చేసిన ఆపరేషన్లలో అదే ఆఖరుది. తెల్లారితే వాళ్ళు వెళ్ళిపోతారు.

"కనుగుడ్డులో కారం కూరినట్టుందే. ఆ డాక్టరు దొరకి చెప్పు" అంది కూతురు అలినాఫేతో.

"నర్సమ్మ చుక్కలేసిందిగా. మొదట్లో అట్టాగే ఉంటదంటమ్మా."

"కన్ను ఆమెదా, నాదా?"

అలినాఫేకి నవ్వు రాలేదు. కసుంగు ఊరి దగ్గరి పొగాకు ఎస్టేటులో ఆకుని రకాలుగా ఏరే గ్రేడింగుకి ఎనెలెసిని మించిన చెయ్యి లేదని ఒకప్పుడు పేరు. చూపు మసకేశాక మేస్త్రీ గేటు దగ్గరే ఆపేశాడు. అన్నేళ్ళ చాకిరీకి అదే వీడ్కోలు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ రెండోది బాగుపడితే వచ్చే సీజనుకి మళ్ళీ గ్రేడింగు బల్ల ముందు కూర్చోవాలని ఆమె ఆశ. అప్పటిదాకా కూతురే ఆధారం. అలినాఫే ఆస్పత్రి వంటగదిలో గిన్నెలు తోముతుంది. బృందం వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి, ఇక్కడి భాష చిచెవాలోకి తర్జుమా చేస్తుంది. రెండూ కలిపినా నెలాఖరుకి మొక్కజొన్న పిండికి వెతుక్కోవలసిందే.

ఆమె పాస్టర్ చిపేటా దగ్గరికి పరుగెత్తింది. ఆస్పత్రి పెత్తనం ఆయనదే. సాయంత్రం బృందం వీడ్కోలు కూటానికి వేదిక కట్టిస్తున్నాడు.

"అయ్యగారూ, అమ్మ తట్టుకోలేకపోతంది. డాక్టరుగారిని ఒక్కసారి చూడమనండి."

"కూటంలో కట్టు విప్పేది ఆయనేగా? అప్పుడు చూస్తాడు" అన్నాడు పాస్టర్. తర్వాత గొంతు తగ్గించాడు. "వీడియో తీస్తారమ్మాయ్. వాళ్ళ దేశపు సంఘాలు అది చూసే చందాలేస్తాయి. మీ అమ్మ అంతమంది ముందు ఏడ్చిందనుకో, వచ్చే ఏడు ఎవరొస్తారు? ఎంతమంది గుడ్డివాళ్ళు మన గేటు దగ్గర పడిగాపులు కాస్తున్నారో నీకు తెలీదా? నీ పనీ ఉండదు. నొప్పి సంగతి కూటమయ్యాక మాట్లాడదాం."

సాయంత్రం హాలు కిక్కిరిసింది. డప్పులు మోగాయి. ఆపరేషన్ చేసిన డాక్టర్ వాగ్నర్ ఎనెలెసి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా కట్టు విప్పాడు. ఎర్రబడిన కంట్లోంచి నీళ్ళు ధారగా కారాయి. ఆయన నుదురు ముడిపడింది. కనిపిస్తోందా, నొప్పి ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. మంచివాడు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అలినాఫే ఆ మాట తల్లికి చెప్పింది.

"ఏం కనపళ్ళేదే! కొరివితో కాల్చినట్టుంది. ఎల్లిపోయేలోపు ఏదో ఒకటి చెయ్యమను. కాళ్ళు పట్టుకుంటానని చెప్పు."

డప్పుల హోరులో ఆ మాటలు పక్కనున్నవాళ్ళకే వినపడ్డాయి. పాస్టర్ దగ్గాడు. కెమెరా దీపం అలినాఫే మొహం మీద పడింది.

"వెలుగు కనిపిస్తోందంటోంది" అంది ఆమె మైకులో, ఇంగ్లీషులో. "నొప్పి కొంచెమే అట. దేవునికి స్తోత్రం అంటోంది."

కూటమయ్యాక చాటుగా నిజం చెప్పుకోవచ్చులే అనుకుంది. భయపడ్డవాళ్ళం అందరం అలాగే అనుకుంటాం.

హాలంతా చప్పట్లు. ఎనెలెసి బిత్తరపోయింది.

"నొప్పంటే చప్పట్లు కొడతారంటే వీళ్ళు? ఏం చెప్పావే నువ్వు?"

కూతురు బదులివ్వకపోయేసరికి ఎనెలెసికి అంతా అర్థమైంది. చేతులు చాచి, గాలిలో తడిమి, డాక్టరు చెయ్యి దొరకబుచ్చుకుంది. దాన్ని లాగి తన కంటి మీద అదుముకుంది.

"ఇక్కడయ్యా. ఇక్కడ."

డాక్టరు కళ్ళు చెమర్చాయి. ఈ వారమంతా రోగులు అలాగే ఆయన చెయ్యి తీసుకుని ప్రార్థన చెయ్యమని అడిగారు. ఈమె కూడా అదే అడుగుతోందనుకున్నాడు. చెయ్యి తియ్యకుండా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. హాలంతా తలలు వంచింది.

ఒక వాక్యం చెప్పి, అలవాటు ప్రకారం తర్జుమా కోసం ఆగాడు.

"చెప్పమ్మాయ్" అన్నాడు పాస్టర్, కళ్ళు మూసుకునే.

ఆ చేతి కింద ఎనెలెసి కన్ను తెరిచే ఉంది. డాక్టరు వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అలినాఫేకి ఇక అబద్ధం రావడం లేదు. నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

డాక్టరు ఆ వాక్యమే మళ్ళీ చెప్పి ఆగాడు. ఆమెన్ అనడానికి అందరూ ఎదురుచూస్తున్నారు.

అలినాఫే నోరు విప్పలేదు.