ఎక్స్‌రే గది మెట్లెక్కి వస్తుంది

కెజియా వెళ్లనంది కాబట్టి, ఎక్స్‌రే గదే ఆమె కోసం బయలుదేరుతుంది. పొద్దున్నే కింది అంతస్తు నుంచి మెట్లెక్కి వచ్చి, ఎముకల వార్డు గుమ్మం ముందు ఆగి ఆయాసం తీర్చుకుంటుంది. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది.

కెజియా ఆ వార్డులో నర్సు. ఇప్పుడామెకు ఆరో నెల. ఎక్స్‌రే తీసేటప్పుడు రోగుల్ని కదలకుండా పట్టుకుని నిలబడే పని నుంచి తప్పించమని నిన్ననే మేట్రన్ కోమలాదేవిని అడిగింది.

"నువ్వు వెళ్లనన్నావు, సరేనన్నాను. అది వస్తానంటే నేనెలా వద్దంటాను?" అంటుంది మేట్రన్.

"కడుపుతో ఉన్నాను మేడం."

"కనిపిస్తూనే ఉందిగా. లోపల ఏముందో చూడాలని దానికీ ఉంటుంది."

ఎక్స్‌రే కిరణాలు ఒంటికి తగలకుండా వేసుకునే సీసపు ఏప్రాన్ ఆసుపత్రిలో ఒకే ఒక్కటి ఉంది, అది మేట్రన్ కుర్చీకి తొడిగి ఉంది. కెజియా దాని మీద చెయ్యి వేయగానే కుర్చీ విసుగ్గా వెనక్కి జరుగుతుంది.

"దాని జోలికెళ్లకు. నీకంటే దానికి సర్వీసెక్కువ," అంటుంది మేట్రన్.

గది వార్డులోకి అడుగుపెడుతుంది. మంచాలు రోగులతో సహా పక్కకు తప్పుకుని దారి ఇస్తాయి. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన పీరూసాహెబు తల ఎత్తి కెజియాతో, "జరుగు తల్లీ, గోడ తగులుతుంది," అంటాడు.

కెజియా వెనక్కి నడుస్తుంది. ఆమె ఒక అడుగు వేస్తే వార్డు రెండడుగులు కురచవుతుంది. కిటికీ పక్కన తోటి నర్సు నాగరత్నం కట్టు గుడ్డలు మడతపెడుతోంది.

"నేనూ ఇలాగే వెనక్కి జరిగానక్కా. ఈ కిటికీ దాకానే ఉంటుంది చోటు," అంటుంది తల ఎత్తకుండా.

"తర్వాత?"

"తర్వాతేముంది, డ్యూటీకొచ్చేశాను." నాగరత్నం చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లి, అక్కడ ఏమీ దొరక్క, మళ్లీ గుడ్డల మీదికి వస్తుంది.

కెజియా వీపుకి కిటికీ ఊచలు తగులుతాయి. బిడ్డ ఒక్కసారి గట్టిగా తంతుంది. మందుల బల్ల కింది స్టూలు కాలితో లాక్కుని, వార్డు మధ్యలో వేసుకుని, ఆ గదికి ఎదురుగా కూర్చుంటుంది కెజియా.

ఈ ఆసుపత్రిలో నర్సు కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. గదీ ఆగిపోతుంది. నిలబడ్డ నర్సులే దానికి అలవాటు. కూర్చున్న నర్సును ఎటు నుంచి పట్టుకోవాలో దానికి తెలియదు.

"లే!" అని అరుస్తుంది మేట్రన్.

"లేవను మేడం."

"నువ్వు లేవకపోతే నీ బదులు ఎవరు నిలబడతారు?"

"మీరు నిలబడే ఉన్నారుగా."

జుట్టు పట్టి లేపుదామని మేట్రన్ విసురుగా మధ్యలోకి వస్తుంది. ఎదురుచూసి విసిగిన గది, దొరికిన మనిషి చుట్టూ తలుపు మూసుకుంటుంది. లోపల చిన్న చప్పుడు. తలుపు కింద నుంచి తడి ఫిల్ము ఒకటి జారి కెజియా పాదాల దగ్గర ఆగుతుంది.

ఆమె దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తుంది. మేట్రన్ పక్కటెముకల వెనక తెల్లటి టోపీలతో నర్సులు వరుసగా నిలబడి ఉన్నారు. అందరికీ నెలలు నిండుతున్నాయి. చివర్లో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

ముందున్న నర్సు ఒక పక్కటెముకను తలుపులా తెరిచి, ఫిల్ము అంచు మీద కాలు పెట్టి, దిగడానికి చెయ్యి అందించమంటుంది.

కెజియా అందిస్తుంది. ఆ చెయ్యి తడిగా, వెచ్చగా ఉంది.