మాయా అడవిలో నా విజిల్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. కోయంబత్తూరులోని ఒక కార్ఖానాలో అల్యూమినియం రేకును గుండ్రంగా నొక్కి, పిడులు బిగించి నన్ను తయారుచేశారు. కాకినాడలో పళ్ల డాక్టరు నీలవేణిగారి పెళ్లికి బహుమతిగా వచ్చాను. నాలాంటివి ఆ పెళ్లికి ఇంకా చాలానే వచ్చాయి. అవన్నీ అటకెక్కాయి, నేను మెక్సికో వెళ్లాను.

ఆమె భర్త భాస్కరమూర్తిగారికి ఒకప్పటి మాయా జాతివాళ్ల కట్టడాలంటే పిచ్చి. యాభయ్యో ఏట ఉద్యోగం మానేసి, మెక్సికోలో పాత వ్యాను కొని, శిథిలాలు చూసుకుంటూ గ్వాటెమాలా దాకా పోదామన్నారు. నీలవేణిగారు సరేనని నన్ను పెట్టెలో సర్దారు. ఇంత బరువు ఎందుకని ఆయన దారిపొడవునా విసుక్కున్నారు. సరిహద్దు దగ్గర పోలీసు నన్ను బాంబనుకుని వెనక్కి జరిగితే, ఆవిడ మూత తీసి సాంబారు చూపించాక గాని మమ్మల్ని వదల్లేదు.

గ్వాటెమాలా అడవిలో, పెద్దగా ఎవరూ రాని ఒక మాయా నగరం దగ్గర ఆగాం. అప్పటికే ఆవిడ చీలమండ బెణికింది. మీరు చూసి రండి, పప్పు వండుతానని ఆయన్ని పంపించారు. ఆయన వెళ్లాక వాన పట్టుకుంది. వాన వెలిశాక పొగమంచు కమ్మింది. సాయంత్రమవుతున్నా ఆయన రాలేదు. ఫోను కలవలేదు, వ్యాను హారను ఎప్పుడో మూగబోయింది. ఆవిడ గొంతు చించుకుని పిలిస్తే చెట్ల మీద కోతులు అంతకన్నా గట్టిగా అరిచాయి. అక్కడ టికెట్లిచ్చే ఎవులాలియా అనే స్థానికురాలు మనుషుల్ని పిలుచుకురావడానికి పరుగెత్తింది.

అప్పుడే పొయ్యి మీద నాకు విజిల్ వచ్చింది. కోతులు టక్కున నోళ్లు మూశాయి.

నీలవేణిగారు నావంక ఒక్క క్షణం చూసి మంట పెంచారు. నీళ్లు ఇంకిపోతున్నాయనిపించినప్పుడల్లా దించి, మళ్లీ పోసి, మళ్లీ ఎక్కించారు. నేనూ ఉన్న ఆవిరంతా పెట్టి కూస్తూనే ఉన్నాను.

చీకటి పడేలోపు ఆయన పొదల్లోంచి వచ్చారు. మోకాళ్లదాకా బురద, ఒక కాలికి బూటు లేదు.

"ఎన్ని విజిల్స్ వేయించావే?" అన్నారు కూలబడుతూ.

"లెక్కెట్టలేదండి. పప్పు ముద్దయిపోయింది."

"కూలిపోయిన గుడి వెనకాల దారి తప్పాను. మన వంటిల్లు ఎటుందో వినబడింది. అటే నడిచాను."

ఆవిడ కంచంలో పప్పు వేసి ఆయన చేతికిచ్చారు. ఆయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు.

ఆ పూటతో నా రబ్బరు రింగు చిట్లిపోయింది. కొత్తదాని కోసం మూర్తిగారే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. ఎక్కడా దొరకలేదు. చివరికి తన చేత్తోనే శుభ్రంగా తోమి, నన్ను ఎవులాలియాకు ఇచ్చి వెళ్లారు.

ఇప్పుడు నేను విజిల్ లేని మామూలు గిన్నెని. రోజూ నల్ల చిక్కుళ్లు ఉడకేస్తాను. ఎదురుగా ఉన్న పాత రాళ్లను చూడటానికి అప్పుడప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నన్నెవరూ ఫొటో తీయరు. ఎవులాలియా పిల్లలు మాత్రం బడి నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, ముందు నా మూత ఎత్తి చూస్తారు.