ఇంకా రెండు వందల గ్రాములు

రెండు వందల గ్రాములంటే ఎంతని, ఒక మామిడికాయంత కూడా ఉండదు, మా ఇంట్లో చింతపండు నానబెట్టే సత్తుగిన్నె అంత బరువుంటుందేమో, అంతమాత్రానికి ఈ పిల్ల పోలేరమ్మ గోడ నీడన కూలబడి ఉంది, నేను ఈ మాత్ర గుప్పిట్లో పెట్టుకుని దాని దగ్గరికి నడుస్తున్నాను, తెల్లటి చిన్న మాత్ర, చెమటకు అప్పుడే అరచేతికి అంటుకుంటోంది, బేదిమాత్ర, ఒకటి మింగితే గంటలో పనవుతుందన్నారు మా కోచ్ ఆదిమూలం సార్, పది గంటలకు మళ్ళీ తూకం, పదకొండుకు అనంతపురం పిల్లలతో కబడ్డీ, ఈలోపల పోలేరమ్మ కడుపులో ఉన్నదంతా పోవాలి, ఏముందని పోవడానికి, నిన్న పొద్దున తిన్న రెండిడ్లీలు తప్ప, మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్ళు కూడా లేవు, ఇంకా పోవలసింది ఏదైనా మిగిలుంటే అది ప్రాణమే, ఛీ, ఏం మాటలివి నా నోట, ఆటకొచ్చినదాన్ని.

పొద్దున ఎనిమిదికి ఈ చిత్తూరు గ్రౌండులో అన్ని జిల్లాల పిల్లల్నీ వరసగా నిలబెట్టి తూచారు, పోలేరమ్మ మిషనెక్కితే ముల్లు యాభై దాటి కొంచెం అటూ ఇటూ ఊగి ఆగింది, యాభై కేజీలే ఉండాలి, మీద రెండు వందలుంది, తూకం చూసేవాడు మంచివాడిలాగే ఉన్నాడు, పది దాకా టైముండాదిలే పాపా, అట్లా నాలుగు చుట్లు పరిగెత్తిరాపో అన్నాడు, సార్ మాత్రం మిషను మీదున్న పిల్ల వైపు చూడకుండా నావైపు చూసి, తలగుడ్డ తీసెయ్‌మను, అదొక యాభై గ్రాములుంటాది అన్నారు, తీసెయ్యవే అన్నాను నేను, తీసింది, నున్నటి గుండు, ఎండిపోయి పొలుసులు లేచిన చందనం, చెవుల వెనక కత్తి తగిలిన రెండు ఎర్రటి గీతలు, అనంతపురం పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు, అయినా ముల్లు కదల్లేదు, ఎందుకు కదులుతుంది, దానికి సార్ అంటే భయమా, మిషను దిగేటప్పుడు పోలేరమ్మ నా భుజం పట్టుకుంది, ఎండలో అంతసేపు నిలబడ్డ పిల్ల చెయ్యి మంచినీళ్ళ కుండలా చల్లగా ఉంది, అదేంది అని ఒక్క క్షణం భయమేసింది, ఆ వెంటనే రెండు వందలే కదా అనుకున్నాను, అట్లా అనుకున్నందుకు నా చెంప నేనే పగలగొట్టుకోవాలి.

అసలీ బరువు నిబంధన ఎందుకు పెట్టారు, పెద్ద పిల్లలొచ్చి చిన్న పిల్లల మీద పడి ఎముకలు విరగ్గొట్టకుండా, ఆడేవాళ్ళకు దెబ్బలు తగలకుండా, ఆ మాట మొదటి రోజు బోర్డు మీద రాసి మరీ చెప్పింది ఈ ఆదిమూలం సారే, మేమంతా ఎంత బాగా చెప్పాడని మురిసిపోయాం, ఇప్పుడేమో కాపాడమని పెట్టిన నిబంధన కోసమే పిల్లను ఎండబెట్టి వరుగు చేస్తున్నాడు, ఆయన పొట్ట ఒక్కటే ఇరవై కేజీలుంటుంది, బల్ల వెనక కుర్చీలో చేరగిలబడి మూడోసారి కాఫీ తాగుతున్నాడు, ఆ మిషను ఎక్కమంటే దాని ముల్లు ఊడి కిందపడుతుంది, పదహారేళ్ళ పిల్ల, ఎదిగే వయసు, ఎదగడం కూడా తప్పేనా, పోయినేడు నలభై ఆరుంది, ఈ ఏడు పెరిగింది, పెరగదా మరి, కుప్పమ్మ ఉంది కదా సార్ అన్నాను నిన్నగాక మొన్న, నలభై నాలుగు కేజీలే, రోజూ మోకాళ్ళు దోక్కుపోయేదాకా ప్రాక్టీసు చేస్తుంది, ఒక్క ఆటలోనూ దింపలేదు, దాన్ని ఆడిద్దాం అన్నాను, కుప్పమ్మ కూతకు పోతే వట్టి చేతులతో వస్తాది, పోలేరమ్మ పోతే ఇద్దర్ని కొట్టుకొస్తాది, నీకు కప్పు కావాల్నా వద్దా అన్నాడు, కావాలి సార్ అన్నాను, అంతే, అక్కడితో నా ధర్మం తీరిపోయింది.

మొన్న సాయంత్రం స్కూలు వరండాలో తూస్తే ఏడు వందలు ఎక్కువుంది, సార్ గోడకు కాలు ఆనించి నిలబడి, ఏదో వంట చెప్పినంత తేలిగ్గా చెప్పాడు, రేపు అలిపిరి నుంచి కొండకు నడిపించు మే జ్ఞానాంబా, చెమటకే నాలుగు నూర్లు పోతాది, ఆ జుట్టు మోకాళ్ళ దాకా ఉండాది సూడు, అదొక మూడు నూర్లు, పైన తీయించెయ్, తిరుపతిలో గుండు సూసి ఎందుకని ఎవురడగతారు, మొక్కనుకుంటారు, ఆ పిల్లకు నువ్వు చెప్పు, కెప్టెన్‌వి, నీ మాటైతే ఇంటాది అన్నాడు, నిజంగానే వింది, మొక్కు లేకుండా గుండు చేయించుకుంటే తప్పు కాదా అక్కా అని ఒక్క ప్రశ్న అడిగింది, గెలవాలని మొక్కుకో, అదే మొక్కు అన్నాను, అప్పటికప్పుడు కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది, నిజంగానే మొక్కుకుంది, పిచ్చిది, మాకు అబద్ధమైనది దానికి నిజమైంది.

మెట్లెక్కుతుంటే గోవిందా గోవిందా అని అరుస్తూ జనం, మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి పోలేరమ్మ నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకుంటోంది, తడి ఉంటే కదా, పలమనేరు వైపు నుంచి వచ్చినామె ఎవరో, మా అమ్మ వయసుంటుంది, చెంబు చాపి, తాగు తల్లీ, మొకం చూడు ఎట్ల వాడిపోయిందో అంది, పోలేరమ్మ చెయ్యి చెంబు దాకా పోయింది, నేను మధ్యలోకి వచ్చాను, వద్దు పెద్దమ్మా, కొండెక్కేదాకా నీళ్ళు ముట్టనని మొక్కుకుంది అన్నాను, ఎంత సులువుగా వచ్చింది ఆ మాట, ఆమె చెంబు కింద పెట్టి, ఈ వయసులోనే ఇంత బక్తా అని పోలేరమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఈ పిల్ల ఆ చెంబు వైపే చూస్తూ తిరిగి దండం పెట్టింది, ఇదంతా సార్ చెప్పలేదు, ఇది నేను నా సొంత తెలివితో చేసిన పని, అందుకే కాబోలు రాత్రంతా ఆ చెంబే కళ్ళ ముందు ఆడింది, కల్యాణకట్టలో క్షురకుడు కత్తి ఆపి, ఇంత జుట్టు, పెండ్లి కావలసిన పిల్ల, ఇంట్లో వాళ్ళకు తెలుసునా అని అడిగాడు, తెలుసు అన్నాను, జడ మొత్తంగా ఒళ్ళో పడితే పోలేరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని బరువు చూసినట్టు పైకెత్తి, మూడు నూర్లు ఉంటాది కదక్కా అని నవ్వింది.

కొండ దిగి, చిత్తూరుకు బయల్దేరేముందు చెప్పిపోదామని తీసుకెళ్ళేసరికి దాని అమ్మ తిరుమలమ్మ తిరుచానూరులో గుడి దగ్గర పూలగంప ముందు ఉంది, కూతుర్ని చూసి కట్టే మూర అట్లనే వదిలేసి లేచింది, యాడమ్మా నీ జడ, యాడుండాది, అని గుండు తడిమింది, ఎవరో కొట్టారేమో, ఏమైనా రోగమేమో అన్నట్టు, స్వామికిచ్చింది పెద్దమ్మా, మొక్కు అన్నాను నేనే ముందు, ఆ మాటతో ఆమె ముఖం మారిపోయింది, నాకు చెప్పకుండా అంత మొక్కు మొక్కుకుంటివా నాయనా అని కూతుర్ని పొదువుకుని ఏడ్చింది, సంతోషంతో ఏడ్చింది, రోజూ పోలేరమ్మ జడకు తీసిపెట్టే మూర మల్లెలు, ఇంక ఎవరికి పెట్టేది అని నా తలలో తురిమింది, బిడ్డను పట్టుకోని పోతాండావు, పట్టుకోని రా తల్లీ, నువ్వుండావనే పంపిస్తాండా అంది, ఆ పూలే ఇవి, వాడిపోయి నా మెడ మీద గుచ్చుకుంటున్నాయి, నేనుండానని పంపించింది, నేనుండి చేస్తున్నది ఇది.

ఎందుకు చేస్తున్నానో నాకు తెలియదా, హైదరాబాదు క్యాంపుకు పంపే పేర్ల జాబితాలో నా పేరు పైనుంది, రాసేది సార్, కొట్టేసేదీ సార్, ఆ జాబితా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు, మాట్లాడేటప్పుడు మధ్యమధ్య జేబు తట్టుకుంటాడు, కప్పు గెలిస్తే నేను రాష్ట్ర జట్టు, ఆయన రాష్ట్ర జట్టు కోచ్, పోలేరమ్మకేం వస్తుంది, గుండు మీద వెంట్రుకలు ఎట్లాగూ వస్తాయి, అంతే కదా, సార్‌ను తిట్టుకుంటూ నడుస్తున్నాను గానీ కాళ్ళు మాత్రం ఆయన చెప్పిన వైపే పోతున్నాయి, మాత్ర చేతిలో పెట్టేటప్పుడు కూడా ఆయన చుట్టూ చూసి మరీ పెట్టాడు, నేనిచ్చినానని చెప్పబాక, దానికి కడుపునొప్పి మాత్ర అని చెప్పు అన్నాడు, కాసేపట్లో ఈ పిల్ల గ్రౌండులో పడిపోతే, నాడి దొరక్కపోతే, ఆయన కుర్చీలోంచి లేచి ఏమంటాడో నాకిప్పుడే వినిపిస్తోంది, కెప్టెన్ ఏందో మాత్ర ఇచ్చిందంటా, నాకేం తెలుసప్పా అంటాడు, అవును, అట్లాగే అంటాడు, అనడానికే కదా నా చేతిలో పెట్టింది.

ఇదిగో, వచ్చేశాను, పోలేరమ్మ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది, నా అడుగుల చప్పుడు విని కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపింది, అక్క ఏదో ఇయ్యడానికొస్తోందని దానికి తెలుసు, మింగమంటే మింగుతుంది, ఏం మాత్ర అని అడగదు, కడుపునొప్పి మాత్ర అనే అబద్ధం కూడా అక్కర్లేదు, చాపిన ఆ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది, నాకు ఒళ్ళంతా మండిపోయింది, వెనక్కి తిరిగి చూశాను, సార్ బల్ల దగ్గరే నిలబడి ఇటే చూస్తున్నాడు, నాలుగు అడుగులు వేసి రాడు, ఎందుకు రాడు, వస్తే ఈ పిల్ల ఆయన చేతిలోంచి తీసుకుంటుందా, ఈ ఏడాదిలో ఆయన పోలేరమ్మతో తిన్నగా ఒక్క మాట మాట్లాడలేదే, పస్తుండమన్నది నేను, స్వెటరేసుకుని పరిగెత్తమన్నది నేను, కొండ నేను, గుండు నేను, ఆయన ఎప్పుడూ నువ్వు చెప్పు అనడమే, ఆయన దగ్గర విజిలుంది, జేబులో జాబితా ఉంది, ఈ పిల్ల నమ్మకం మాత్రం లేదు, అది నా దగ్గరుంది, అది అరువిస్తేనే ఆయన పని జరుగుతోంది, లేకపోతే ఆయన ఉత్త పొట్టా విజిలూ, ఇన్నాళ్ళూ ఆయనంటే నాకు భయమనుకున్నాను, ఆయనే నా నోటి మీద ఆధారపడి బతుకుతున్నాడు, నేను నోరు మూసుకుంటే ఈ మాత్ర ఇక్కడే ఆగిపోతుంది.

మాత్రను మట్టిలో పడేసి కాలితో నలిపాను, సార్ చూడాలనే నలిపాను, ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది, పోనీ, నా పేరు కొట్టేసుకోనీ, పంపు దగ్గరికెళ్ళి చెంబు నింపుకొచ్చి చాపిన చేతిలో పెట్టాను, పోలేరమ్మ కళ్ళు తెరిచి నీళ్ళవైపు చూసింది, నావైపు చూసింది, తాగలేదు, బరువు పెరగతాది కదక్కా అంది, పెరగనీ, నువ్వు ఇయ్యాల ఆడొద్దు, కుప్పమ్మ ఆడతాది, ఓడిపోతే ఓడిపోతాం, తాగు అన్నాను, అప్పుడు కూడా తాగలేదు, చెంబు రెండు చేతులతో పట్టుకుని, సార్ చెప్పినాడా అక్కా అని అడిగింది, లేదు మే, నేను చెప్తా ఉండా అన్నాను, ఏడాదిగా కెప్టెన్ అని పిలిపించుకుంటున్నాను, కెప్టెన్‌గా నేను చెప్పిన మొదటి మాట ఇదే.