పొడుగు చేతుల అంగీ

నర్సీపట్నం సంఘానికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది గానీ, ఆ డెబ్భై ఏళ్ళలో ఒక్క పాస్టరూ అంగీ తొడుక్కుని ఎరగడు. దొరలు కోటూ పంట్లాంతో వాక్యం చెప్పారు. వాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోయాక మనవాళ్ళు పంచె, లాల్చీతో చెప్పారు. దేవుడు నొచ్చుకున్న దాఖలా ఏమీ లేదు. అలాంటిది, 1978లో చినబాబు కొత్త పాస్టరుగా వచ్చిన రెండో వారానికే సంఘపెద్ద మన్మథరావు మేష్టారు ఓ తెల్లటి అంగీ కుట్టించి తెచ్చారు. మెడ నుంచి మడమల దాకా ఉంది. చేతులైతే వేళ్ళ కణుపులు దాటి వచ్చాయి.

"ఇది మన పద్ధతి కాదు కదండీ" అన్నాడు చినబాబు. యాజకుల వస్త్రాలు పాత నిబంధనతోనే పోయాయనీ, నమ్మిన ప్రతివాడూ యాజకుడేననీ, దేవుడి ముందు ఒక్కడికి మాత్రం వేషం ఎందుకనీ బైబిలు స్కూల్లో నేర్చుకొచ్చాడు. పరీక్షలో ఆ ప్రశ్నకి అతనిదే ఫస్టు మార్కు.

"మొదటి యాజకుడు అహరోనుకి లేదా అంగీ?" అన్నారు మేష్టారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పాఠం చెప్పిన గొంతు అది. "మా పాస్టరు నిలబడితే నిండుగా కనపడాలి. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కాదనకండి."

ఏకగ్రీవం! చర్చి గంట తాడు నూలుదా, కొబ్బరిదా అని తేల్చుకోడానికి మూడు మీటింగులు పెట్టిన సంఘం అది. అక్కడే అనుమానం రావలసింది. రాలేదు.

ఎలా వస్తుంది? చినబాబు రెల్లివీధి వాడు. తల్లి అప్పయమ్మ పంచాయితీ చీపురు పట్టి బస్టాండు రోడ్డు ఊడ్చి అతన్ని చదివించింది. సంఘంలో మిగతావాళ్ళంతా ఊరవతలి పేటవాళ్ళు. ఊరు పేటని దూరం పెడితే, పేట రెల్లివీధిని దూరం పెట్టింది. తన్నులు తిన్నవాడికి తన్నడానికి ఇంకొకడు కావాలి కదా! అలాంటివాళ్ళు తనకి అంగీ కుట్టించారనేసరికి చినబాబు చదివిన సిద్ధాంతమంతా మంచులా కరిగిపోయింది. ఆ ఆదివారం వెనక చాప మీద కూర్చున్న అప్పయమ్మ, అంగీలో కొడుకుని చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అంగీకి కొన్ని మర్యాదలుండేవి. అది మేష్టారింట్లో, బీరువాలో ఉండేది. ఆదివారం హేంగరుకి తగిలించి ఆయనే తెచ్చేవారు. ఆయనే వెనక నుంచి తొడిగి, ముందుకొచ్చి బొత్తాలు పెట్టేవారు. ఆరాధన అవగానే ఆయనే విప్పి పట్టుకెళ్ళేవారు. నెలకోసారి ప్రభు బల్ల, అంటే రొట్టె ముక్కా ద్రాక్షరసమూ, ఇచ్చేటప్పుడు చినబాబు వేళ్ళకి ఓ తెల్ల రుమాలు కూడా చుట్టేవారు. "ఉతకడం, ఇస్త్రీ మా పూచీ. మీకా శ్రమ ఎందుకు?" అనేవారు. రాజుకి కూడా ఇంత సేవ జరగదనుకున్నాడు చినబాబు. అలా నాలుగేళ్ళు అనుకున్నాడు.

నాలుగో ఏడు వానాకాలంలో కొండలమ్మ మంచాన పడింది. నాతవరం ఆడపడుచు, ఎనభై ఏళ్ళ ముసలమ్మ. సంఘంలో చినబాబుని నోరారా "నా బంగారు బాబు" అని పిలిచేది ఆవిడొక్కర్తే. పోయేలోగా బల్ల తీసుకుంటానని కబురు పెట్టింది. మేష్టారు రోలుగుంట పెళ్ళికి వెళ్ళారు, బీరువా తాళం ఆయనతోనే వెళ్ళింది. చినబాబు లాల్చీతోనే రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని పరిగెత్తాడు. ప్రార్థన చేసి ముక్క అందించాడు. ముసలమ్మ నోరు తెరవలేదు.

"అంగీ ఏదండి, బాబూ?"

"బీరువాలో ఉండిపోయిందమ్మా. అంగీ లేకపోతే ప్రభువు రాడా?"

"ప్రెబువుకేటండి, ఆయనొత్తాడు." ముసలమ్మ అతని వట్టి వేళ్ళ కేసి చూసింది. "సిన్నబుచ్చుకోకండి, బాబూ. అంగీ అయితే మన బట్ట, మేస్టారింట ఉతికిన బట్ట. దాంట్లోంచి ఇత్తే నాకేటీ ఇబ్బంది నేదు. ఉట్టి సేత్తో ఇత్తే కడుపు ఒప్పదండి. అందుకే గదా అందరం అనుకుని కుట్టించినాం."

ఆ మాటలో విషం లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది. కల్లు తాగినవాడు తిడితే దులుపుకుపోవచ్చు, ప్రేమించే మనిషి ప్రేమగా చెప్పినదాన్ని ఎక్కడ దులుపుకుంటాం? చినబాబుకి కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఆ గుడ్డలో నాలుగేళ్ళు ఛాతీ విరుచుకుని నడిచినందుకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు మేష్టార్ని నిలదీశాడు. ఆయన తొణకలేదు.

"నిజమే. అయితే ఏం? నువ్వొస్తావని ఆర్డరు రాగానే సగం మంది వేరే సంఘానికి పోతామన్నారు. నేనాపాను. ఆ అంగీతోనే ఆపాను. అది నీకు గొడుగు, బాబూ. గొడుగు మీద కోపమొచ్చి వానలో నిలబడతానంటే నీ ఇష్టం." కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి ఆయన గమనించనే లేదు.

తర్వాతి బల్ల ఆదివారం చినబాబు లాల్చీతోనే బల్ల దగ్గర నిలబడ్డాడు. అంగీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. రొట్టె విరిచాడు. వట్టి చేత్తో పళ్ళెం ఎత్తి, "రండి" అన్నాడు. ఒక్కరైనా లేస్తే చాలు, తను బతికినట్టే అనుకున్నాడు. తను బాప్తిస్మం ఇచ్చినవాళ్ళున్నారు, తను పెళ్ళిళ్ళు చేసినవాళ్ళున్నారు. ఎవరూ లేవలేదు. అందరూ పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు. పక్క తలుపు దగ్గర మేష్టారు హేంగరు పట్టుకుని నిలబడ్డారు, ఎప్పటికైనా దారికొస్తాడని.

అప్పుడు వెనక చాప మీంచి అప్పయమ్మ లేచింది. పాపం, ఆవిడకి ఈ గొడవేదీ తెలీదు. కొడుకు ఒంటరిగా నిలబడిపోయాడు, అంగీ తొడుక్కోడం మర్చిపోయాడు, అందుకే జనం ఆగారనుకుంది. గబగబా నడిచి మేష్టారి చేతిలో అంగీ లాక్కుంది.

"ముట్టుకోకు!" అన్నారు మేష్టారు. అప్పటికే ముట్టుకుంది. ముప్పై ఏళ్ళు చీపురు పట్టిన చేతులతో అంగీ దులిపి, కొడుక్కి తొడిగి, మెడ నుంచి కింది దాకా ఒక్కో బొత్తాం పెట్టింది. చినబాబు చంటిపిల్లాడిలా నిలబడ్డాడు. కాదంటే ఎందుకో చెప్పాలి. తల్లికి ఆ మాట ఏ నోటితో చెప్పగలడు?

"బేగి ఇయ్యి, నాయినా. ఆలంతా సూత్తన్నారు" అని ఆవిడే మొదటి చెయ్యి చాపింది. ముక్క తీసుకుంది, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. వెనక ఇంకెవరూ లేరని చూసి తెల్లబోయింది. "ఇదేటిరా? తొడిగేను గదా, ఇంకా రారేటి?"

మేష్టారు మెల్లగా దగ్గరికొచ్చారు, మరీ దగ్గరికి కాదు. "ఇవాళ్టికి బల్ల వద్దు. దీవెన చెప్పి పంపించేయండి, పాస్టరుగారూ" అన్నారు. గొంతులో మళ్ళీ మర్యాద వచ్చింది.

ఆ మాట వినగానే సంఘమంతా ఒక్కసారి లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, తలలు వంచింది. దీవెనకి చేతులతో పనిలేదు. మాట గాల్లో వస్తుంది, దానికి అంటు లేదు. అది మాత్రం అందరికీ కావాలి.

చినబాబు వాళ్ళ వంగిన తలల కేసి చూశాడు. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం చెప్పిన దీవెన, నిద్రలో లేపి అడిగినా తప్పు పోకుండా చెప్పగలడు. చెప్పలేదు. తల్లి చెయ్యి పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. లోపల వాళ్ళు కళ్ళు మూసుకుని చాలాసేపు కాచుకున్నారు.