వెర్నా చెప్పిన చెట్టు

లెనోర్ ప్రాట్ సైగల భాషను పుస్తకం చూసి నేర్చుకుంది. ఆ సంగతి వెర్నా కెసింజర్‌కు మొదటి పలకరింపులోనే తెలిసిపోయింది.

"డాక్టరమ్మా, మీ చేతులు పేజీ తిప్పుకుని మరీ మాట్లాడుతున్నాయి," అంది వెర్నా, తన చేతులతో.

లెనోర్‌కు అది అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చేసింది.

అది 1967 మార్చి. ఓక్లహోమాలో ఒక విశ్వవిద్యాలయం, ఊరికి ఆరు మైళ్ళ అవతల మూతపడ్డ తన పాలకేంద్రాన్ని లెనోర్‌కు అప్పగించింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఆమె ఎలుకల మీద పరిశోధన చేసింది. ఇప్పుడు రెండేళ్ళ మగ చింపాంజీకి చెవిటివాళ్ళ భాష నేర్పుతానని వాషింగ్టన్‌కు రాసి గ్రాంటు తెచ్చుకుంది. చింపాంజీ గొంతు మాటకు పనికిరాదు, చేతులు పనికొస్తాయి. అదీ ఆమె వాదన. అందుకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ భాషే మాట్లాడే మనిషి కావాలి. వెర్నా పుట్టు చెవిటిది, ఆమె తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్ళు. భర్త ఎర్ల్ కూడా చెవిటివాడే, ఊరి పత్రికాఫీసులో అచ్చుకు టైపు కూర్చేవాడు. వెర్నా అంతవరకు దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది.

చెవిటివాళ్ళు తమవాళ్ళను అక్షరాలతో పిలవరు. ఒక్కొక్కరికి ఒక సైగ ఉంటుంది, అదే పేరు. దాన్ని ఎవరికి వారు పెట్టుకోరు. మరో చెవిటి మనిషి ఇవ్వాలి. చిన్నప్పుడు ఉయ్యాల తగిలి వెర్నా గడ్డం మీద గాటు పడింది. బళ్ళో పిల్లలు రెండు వేళ్ళు గడ్డానికి తాకించి ఆమెను పిలిచేవారు. అదే నిలిచింది. చింపాంజీకి ఎడమ చెవి కొస చిరిగి ఉంది. లెనోర్ కాగితాల్లో వాడు రూఫస్. వెర్నా తన చెవి కొస పట్టుకుని లాగి వాడికి పేరు పెట్టింది. లెనోర్‌కు మాత్రం ఏడాది దాటినా ఏమీ పెట్టలేదు.

"నా పేరెప్పుడు?" అని లెనోర్ అడిగేది.

"ముందు నీ చేతులు ఆ పుస్తకాన్ని వదలనీ," అనేది వెర్నా. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

మరుసటి వేసవిలో రూఫస్‌కు జ్వరం వచ్చింది. లెనోర్ నాలుగు రోజులు ఇంటికి వెళ్ళలేదు. ఐదో రోజు పొద్దున వెర్నా వచ్చేసరికి వాడి గది బయట నేలమీద, చెవి మీద పెన్సిల్ అలాగే ఉండగా నిద్రపోతోంది. వెర్నా ఆమెను లేపింది. బొటనవేలూ చూపుడువేలూ చాపి, పెన్సిల్ ఉండే చోట, కణతకు రెండుసార్లు తాకించింది.

"ఇది నువ్వు," అంది.

లెనోర్ ఏడ్చింది. ఆ శుక్రవారం ఎర్ల్ ఆమెను చెవిటివాళ్ళ క్లబ్బుకు తీసుకెళ్ళి, వేయించిన క్యాట్‌ఫిష్ తినిపించి, బల్ల బల్లకూ తిప్పి ఆ సైగతోనే పరిచయం చేశాడు.

పని పద్ధతిని లెనోరే రూపొందించింది. రూఫస్ సైగను తనంతట తాను చేయాలి. ఇద్దరు మనుషులు విడివిడిగా చూడాలి, విడివిడి కాగితాల మీద రాయాలి. వరసగా పద్నాలుగు రోజులు అలా జరిగితే ఆ మాట వాడికి వచ్చినట్టు. ప్రతి కాగితం పైనా ఒక వాక్యం అచ్చువేసి ఉండేది: చూసింది మాత్రమే రాయాలి.

విద్యార్థులు రోజుకు ముప్ఫై, నలభై సైగలు రాసేవారు. వెర్నా కాగితంలో ఆరో ఏడో ఉండేవి.

"వాడు తల గోక్కుంటే మీ పిల్లలు 'ఆలోచిస్తున్నాడు' అని రాస్తున్నారు. వాడికి దురద పుట్టింది, అంతే."

"నువ్వు వట్టి పిసినారివి, వెర్నా."

"నేను చూసింది రాస్తాను. రూలు నీదే."

1974 నాటికి లెనోర్ వ్యాసాల్లో రూఫస్ మాటలు నూట ముప్ఫై రెండు. వెర్నా ఒప్పుకున్నవి నలభై ఒకటి. ఆ నలభై ఒకటి గురించి ఎవరూ నోరెత్తలేకపోయారు. టీవీవాళ్ళు వచ్చారు. లెనోర్ ఫొటో పత్రికల అట్టల మీద పడింది. ఊరి పత్రికలో ఆ వార్తకు టైపు కూర్చింది ఎర్లే.

"వాడు నూట ముప్ఫై రెండు మాటలు నేర్చాడట," అన్నాడు ఎర్ల్ ఇంటికి వచ్చి. "మా ఫోర్‌మన్‌ ఇరవై రెండేళ్ళుగా నా పక్కన ఉన్నాడు. 'కాఫీ' ఒక్కటే వచ్చు."

"మీ ఫోర్‌మన్‌కు రూఫస్‌కు పెట్టినట్టే చక్కిలిగింతలు పెట్టి చూడు, నేర్చుకుంటాడు."

ఆ నలభై ఒకటిలో రూఫస్ ఎక్కువగా వాడింది 'చెట్టు'. మోచేతిని రెండో అరచేతి మీద నిలబెట్టి, వేళ్ళు విప్పి, ముంజేతిని ఆడించడం. పెరట్లో పెకాన్ చెట్టు ఉంది. పొద్దున గదులు కడిగేవేళ వాడు తలుపు దగ్గరికి వచ్చి, ముందు రెండు వేళ్ళు గడ్డానికి తాకించి, తర్వాత ముంజేతిని ఆడించేవాడు. వెర్నా. చెట్టు. ఆమె తాళం తీసేది. పదిహేనేళ్ళలో అది మూడు వారాలకు మించి తప్పింది లేదు.

లెనోర్‌ను వాడు అంతగా నమ్మేవాడు కాదు. ఒకసారి టీకాల డాక్టరు వచ్చినప్పుడు ఆమె 'సూది లేదు' అని చెప్పి వాడి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె ఏది చెప్పినా రూఫస్ వెర్నా వైపు తిరిగేవాడు. వెర్నా 'నిజం' అంటేనే కదిలేవాడు.

"ఇద్దరు చూస్తేగానీ వాడు లెక్కలోకి తీసుకోడు," అని నవ్వేది లెనోర్. "నా రూలు నామీదే పెట్టాడు."

1979లో తూర్పు తీరం ప్రొఫెసరొకాయన తన దగ్గరి చింపాంజీ ఫిల్ములను ఒక్కొక్క బొమ్మగా ఆపి చూసి, అది నేర్పేవాళ్ళ చేతులనే అనుకరిస్తోందని, సొంతంగా మాట్లాడుతున్నది ఏమీ లేదని రాశాడు. ఆ వ్యాసం తర్వాత ఎవరికీ గ్రాంట్లు రాలేదు. విద్యార్థులు వేరే పనులు చూసుకున్నారు. 1982 వసంతంలో విశ్వవిద్యాలయం పాలకేంద్రం ఖాళీ చేయమంది. లెనోర్ ఉద్యోగం ఉంది. రూఫస్‌కే చోటు లేదు.

జూన్ పదో తేదీ పొద్దున ఏడింటికి ట్రక్కు వచ్చింది. దాని వెనక ఇనుప బోను. అంతకుముందు రెండు రోజులు లెనోర్ బోనును గది తలుపుకు ఆనించి, లోపల ద్రాక్షపళ్ళు పెట్టి పిలిచింది. రూఫస్ నోట్లో నీళ్ళు పట్టుకుని ఆమె మీద ఉమ్మాడు.

"నువ్వు చెప్పు," అంది లెనోర్, వెర్నాతో. "నువ్వు చెప్తే వెళ్తాడు."

"ఎక్కడికి అని చెప్పను?"

"అరిజోనా. చెప్పాను కదా. నూరెకరాలు. వాడిలాంటివాళ్ళే ఇంకా ఉన్నారు. చెట్లు." లెనోర్ జేబులోంచి ఫొటో తీసి చూపింది. ఎత్తు కంచె, దాని వెనక కాటన్‌వుడ్ చెట్లు, ఒక కొమ్మ మీద నల్లగా ఒక ఆకారం.

"నువ్వు వెళ్ళి చూశావా?"

"చూశాను."

వెర్నా ఫొటో తిరిగి ఇచ్చింది. గది దగ్గరికి వెళ్ళి, చెవి కొస లాగి రూఫస్‌ను పిలిచింది. బోను చూపించింది. ప్రయాణం అంది. చెట్లు అంది, చాలా చెట్లు. రూఫస్ ముంజేతిని నిలబెట్టి ఆడించి, ఆమె ముఖం చూశాడు.

"నిజం," అంది వెర్నా.

వాడు బోనులోకి వెళ్ళాడు. ఇనుప తలుపు తనే లాక్కున్నాడు.

వెర్నా దర్జీ దుకాణంలో మళ్ళీ చేరింది. అరిజోనా నుంచి కబురు ఏమైనా ఉందా అని లెనోర్‌ను మూడుసార్లు అడిగింది. బాగున్నాడట, అంది లెనోర్, మూడుసార్లూ.

అక్టోబరులో విశ్వవిద్యాలయం గుమాస్తా నుంచి ఒక కవరు వచ్చింది. 'ఇది మీకే తెలుస్తుందనుకుంటున్నాను' అని పైన చీటీ. లోపల న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక వైద్య పరిశోధనశాల ఉద్యోగి ఉత్తరం. పేరు వాల్టర్ నీస్. కామెర్ల టీకా పరీక్షల కోసం జూన్‌లో మీ దగ్గర్నుంచి వచ్చిన చింపాంజీ గురించి ఒక సందేహం, అని రాశాడు. పొద్దున బోనులు కడిగేవేళ అది ఒక వరసలో రెండు పనులు చేస్తుంది. ముంజెయ్యి వణుకుతుంది. ఇది టీకా వల్ల వచ్చిన నరాల జబ్బా, అక్కడ ఉన్నప్పుడే ఉండేదా, నమోదు చేయాలి, తెలపగలరు. కింద పెన్సిల్‌తో రెండు బొమ్మలు గీశాడు. మొదటి దాంట్లో రెండు వేళ్ళు గడ్డానికి ఆని ఉన్నాయి. రెండో దాంట్లో మోచెయ్యి అరచేతి మీద నిలబడి ఉంది, వేళ్ళు విప్పి ఉన్నాయి. ముంజేతికి అటూ ఇటూ వణుకు తెలిపే గీతలు.

వెర్నా ఆ ఉత్తరం పట్టుకుని, దుకాణంలోని కొలత టేపు చేతికి అలాగే ఉండగా, లెనోర్ ఆఫీసుకు వెళ్ళింది. ఉత్తరం బల్లమీద పెట్టి నిలబడింది. లెనోర్ చదివింది. చదవడం అయిపోయాక కూడా కాగితం మీంచి కళ్ళెత్తలేదు. వెర్నా బల్లమీద చేత్తో కొట్టింది.

"నన్ను చూడు."

లెనోర్ చూసింది.

"అరిజోనా వాళ్ళు మార్చిలోనే కాదన్నారు," అంది. "చోటు లేదన్నారు. ఇంకెవరూ తీసుకోలేదు. విశ్వవిద్యాలయమే మాట్లాడుకుంది. నన్ను సంతకం పెట్టమంది."

"జూన్‌లో నాకు ఫొటో చూపించావు."

"ఆ ఫొటో నిజమైనదే."

"మార్చి నుంచి జూన్ దాకా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వాడితో ఆ మాట అనేదానివి కాదు. మత్తు తూటా కొట్టి ఈడ్చుకెళ్ళేవాళ్ళు. నాకది చూడబుద్ధి కాలేదు."

"నీ చేతులతో చెప్పాల్సింది."

"నా మాట వాడు నమ్మడు. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే నా చేతులు వాడుకున్నావు."

లెనోర్ ఉత్తరం మడిచి వెర్నా వైపు జరిపింది.

"వెనక్కి తీసుకురా."

"ఆ పరీక్షల్లో కామెర్లు ఎక్కించినవాటిని బయటికి పంపరు, వెర్నా. ఇక పంపరు."

"పదిహేనేళ్ళు నీ కాగితాల మీద నేను చూడనిది ఒక్కటి రాయలేదు," అంది వెర్నా. "ఒక్కసారి నువ్వు చూశానంటే నమ్మి, చూడనిది చెప్పాను. వాడికి చెప్పాను."

ఉత్తరం తీసుకుని వచ్చేసింది.

ఆదివారం ఎర్ల్ పక్కన కూర్చుని వాల్టర్ నీస్‌కు జవాబు రాసింది. ఇది జబ్బు కాదు. మొదటిది నా పేరు. రెండోది చెట్టు. అక్కడికి వెళ్తే చెట్లు ఉంటాయని నేను వాడికి చెప్పాను. అది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. వాడి బోనులోంచి ఏదైనా చెట్టు కనపడుతుందా? కనపడకపోతే, ఈ కింది బొమ్మల్లో ఉన్నట్టు మీ చేతులతో వాడికి చూపించండి. ఎర్ల్ బొమ్మలు గీశాడు. చెట్టు. లేదు. వెర్నా. తప్పు.

"'వస్తాను' అని కూడా గీయమంటావా?" అని అడిగాడు ఎర్ల్.

"వద్దు. వాళ్ళు నన్ను రానివ్వరు. వద్దు."

జవాబు మూడు వారాలకు వచ్చింది. అర పేజీ. ఇక్కడ కిటికీలు లేవు, అని రాశాడు నీస్. మీరు పంపిన బొమ్మలు అద్దం ముందు రెండు రోజులు అభ్యాసం చేసి వాడికి చూపించాను. కదలకుండా చూశాడు. మళ్ళీ చేయమన్నట్టు నా చెయ్యి తట్టాడు. మళ్ళీ చేశాను. మరుసటి రోజు నుంచి రెండోది మానేశాడు. మొదటిది మాత్రం రోజూ చేస్తున్నాడు.

నవంబరు రెండో శుక్రవారం లెనోర్ క్లబ్బుకు వచ్చింది. పద్నాలుగేళ్ళుగా వస్తున్నదే. కోటు కొక్కేనికి తగిలించి, తలుపు దగ్గర నిలబడి, హాలంతా చూసి, వెర్నా బల్ల కనపడగానే చెయ్యి ఊపింది. ఆ బల్ల దగ్గర ఎర్ల్, వెర్నా, కాన్సస్ నుంచి కొత్తగా వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. కాన్సస్ ఆవిడ చేప ముల్లు తీస్తూ తలెత్తింది.

"ఎవరావిడ? నీకే చెయ్యి ఊపుతోంది. మనవాళ్ళేనా?"

హాలు ఆ చివర నుంచి ఈ చివరకు సైగలు తెలుస్తాయి. వెర్నా చెయ్యి కిందికి దించుకోలేదు, పక్కకు తిరగలేదు. కుడి చెయ్యి భుజం ఎత్తున పెట్టి, కొత్తవాళ్ళ పేర్లు, వీధుల పేర్లు, మందుల పేర్లు చెప్పేటప్పుడు చేసినట్టు, అక్షరం తర్వాత అక్షరం వేళ్ళతో చెప్పింది. ఎల్. ఇ. ఎన్. ఓ. ఆర్. ఇ. కాస్త ఆగి, పి. ఆర్. ఏ. టి. టి.

"విశ్వవిద్యాలయంలో పని చేస్తుంది," అంది.

చుట్టుపక్కల బల్లల దగ్గర చేతులు ఆగాయి. తలుపు దగ్గర లెనోర్ బొటనవేలూ చూపుడువేలూ చాపి, కణత దాకా తీసుకెళ్ళి, అక్కడే ఉంచింది. ఎర్ల్ కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు కానీ లేవలేదు.

"ఓ," అంది కాన్సస్ ఆవిడ. "ఆవిడకు పేరు లేదా?"

"లేదు," అంది వెర్నా. ఉప్పు సీసా ఆవిడ వైపు జరిపింది.